తొట్టిలో జెముడుతోట



జెముడనగానే పొలముగట్లమీది ముండ్లపొద మనకు స్ఫురించును. నఱకవలసినదానిని బెంచుట యేమని మీరు నవ్వవచ్చును. నేనును 2018వ సంవత్సరమువఱకు నట్లే నవ్వినవాడను. ఆ యేటి చలికాలమున అమెరికాలోని డెన్వరు నగరమున మా కుమార్తె యింటికి బోయితిని. వాకిట నొక రాతితొట్టి, మనము పశువులకు గుడితి పోయుదానివంటిది, మంచుతో నిండియుండెను. మంచు కరగిన పిదప జూతును గదా, లోపల నాగజెముళ్లు ముడుతలుపడి నేలకంటి పరుండియున్నవి. చచ్చినవనుకొంటిని. జ్యేష్ఠమాసమునకు అవియే లేచి నిలిచి పసుపుపచ్చని పూవులు పూచినవి.

కారణము వినుడు. చలి సమీపించుకొలది ఈ జాతులు తమ దేహములోని నీటిని దగ్గించుకొనును. మిగిలిన రసము చిక్కబడి గడ్డకట్టుట కష్టమగును. అందుచే సున్నకు దిగువ 20 సెంటీగ్రేడు డిగ్రీల చలిని సైతము తాళగలవు. వీనిలో గొన్ని కెనడాదేశమునను సహజముగా బెరుగుచున్నవి. కాని వేరు తడిలో నానినచో స్వల్పమైన చలికే కుళ్లును. డెన్వరులో సాలుకు వర్షము సుమారు 15 అంగుళములే గనుక అచట చింత లేదు. తడి యెక్కువగు ఇంగ్లండులోనో, చలికాలమంతయు తొట్టిపై అద్దపుపలక గప్పి, ప్రక్కలు గాలికి విడుతురు.

ఇచ్చట నొక్కమాట. సంస్కృతమున స్నుహి యనబడు మన యాకుజెముడు నాగజెముడునకు బంధువు గాదు. దానిని గిల్లిన పాలు కారును. నాగజెముడును గోసిన జిగురే గాని పాలు రావు. నాగజెముడు కుటుంబ మించుమించుగా నంతయు అమెరికాఖండములదే. పేరులో నాగుపడగ యున్నది గావున మనదేశపుదేయని నా విద్యార్థులకు నేనే చెప్పియుంటిని. ఆ తప్పు నేడు దిద్దుకొనుచున్నాను.

తొట్టి జానెడు లోతుండిన జాలును. అడుగున వ్రేలు పట్టునంత రంధ్రము తప్పదు. దానిపై పెంకుముక్క బోర్లించి, సగము గరుకుటిసుకయో సన్నకంకరయో, సగము తోటమన్నును గలిపి నింపవలెను. పేడయెరువు వలదు, ఎరువు తిన్న మొక్క మెత్తగా బెరిగి తడికి నిలువదు. మనము ఆకనుకొను అట్టయే నాగజెముడునకు కాండము. దానిని గోసి, గాయమెండువఱకు వారము పదిదినములు నీడను బెట్టి, అంగుళము లోతున నాటవలెను. వెంటనే నీరు పోయరాదు. మొదటిచుట్టును గులకఱాళ్లు పఱచిన మెడకు తడి యంటదు. పెద్దముండ్లకన్న కంటికానని నూగుముండ్లు చెడ్డవి, గోనెపట్టతో బట్టుకొనుడు.

స్వగ్రామమునకు వచ్చిన పిమ్మట మా పశువులశాలలోని తొట్టిపై నా దృష్టి పడెను. ఎద్దుల నమ్మి పదేండ్లయినను దాని నెవరికి నీయ మనసొప్పలేదు. ఎడ్ల మెడలు రాచుకొని దాని యంచు నునుపుదేరియున్నది. దానికి తూటు పొడుచుటకు నాకు జేయాడలేదు. కంకర మెండుగా బోసిన జాలునని సమాధానపడి, కడియమునుండి తెచ్చిన యైదు మొక్కలను నాటితిని. ఆరుద్రకార్తె కురియగానే అడుగున నీరు నిలిచెను. శ్రావణము ముగియులోపల నాలుగు కుళ్లినవి. ముట్టుకొనిన వ్రేలు లోనికి దిగబడెను. మనకు శత్రువు చలి గాదు, వానకాలమే. మఱునాడు రాతిపనివానిని బిలిపించితిని. అతడు ఉలితో గొట్టుచున్నంతసేపును నేను లోపలనే కూర్చుంటిని. పిదప తొట్టిక్రింద నాలుగు రాళ్లెత్తు పెట్టించి, చూరునకు లోపలగా, ఉదయపుటెండ తగులుచోటికి జేర్పించితిని.

కోసిన ముక్కలను మాత్రము గట్లపై బాఱవేయకుడు. పడినచోటనే వేరుదన్నును. దక్షిణదేశమున బీళ్లనాక్రమించిన నాగజెముడు నణచుటకు 1926లో సింహళమునుండి దూదివంటి పూతగల యొక కీటకమును దెప్పించి వదలవలసివచ్చెను. ముక్కలను బాగుగా నెండబెట్టి కాల్చుటయే మేలు.

మిగిలిన యైదవ మొక్క బంతివలె గుండ్రనిది. అది నేటికిని ఆ తొట్టిలోనే యున్నది. నాలుగు పిల్లలు వేసినది. కావలసినవారికి బిల్లనొకదాని నీయగలను. ముందు మీ తొట్టికి తూటు పొడిపించి రండు.