మీకు తెలుసా? ఉడుంపట్టు జాగిలాల కథ

వేటలో తరిమే కుక్కలు వేరు, పట్టే కుక్కలు వేరు. సన్నని నడుము, పొడవాటి కాళ్ల జాగిలాలు మృగాన్ని తరిమి అలసిపోయేలా చేస్తాయి. ఆ తరువాత పని మాస్టిఫ్ తరహా భారీ కుక్కలది. మీద పడి పట్టుకుని, వేటగాడు ఈటెతో వచ్చేదాకా వదలకూడదు. వాటి పెద్ద తల, వెడల్పాటి దవడలు, బలిసిన మెడ అన్నీ ఆ ఉడుంపట్టు కోసమే.

● క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ పంజాబ్ వచ్చినప్పుడు, గ్రీకులు సోపైథీస్ అని పిలిచిన రాజు 150 జాగిలాలను కానుకగా ఇచ్చాడు. వాటి సత్తా చూపడానికి ఒక సింహం మీదికి ముందు రెండింటిని, తరువాత మరో రెండింటిని వదిలించాడు. నాలుగూ కలిసి సింహాన్ని అదిమి పట్టాయి. అప్పుడు ఒకడు కత్తి తీసుకుని వాటిలో ఒకదాని కాలు కొయ్యబోయాడు. అలెగ్జాండర్ వద్దని అరిచాడు. దీనికి బదులు మూడు ఇస్తానన్నాడు రాజు. కాలు తెగుతున్నా ఆ కుక్క మూలగలేదు, పట్టు విడవలేదు, నెత్తురోడి సింహం మీదే ప్రాణం వదిలింది. గ్రీకు చరిత్రకారుడు డయొడోరస్ రాసిన వృత్తాంతమిది. ఇది ఎప్పుడు చదివినా నాకు ఆ కుక్క మీద గౌరవం, ఆ రాజు మీద కోపం ఒకేసారి కలుగుతాయి. ఈ జాగిలాలే నేటి మాస్టిఫ్‌ల పూర్వీకులని తేల్చి చెప్పలేం కానీ, వాటికి నేర్పిన విద్య మాత్రం అదే.

● అంతకన్నా ముందే మన దేశపు కుక్కల పేరు పడమటికి పాకింది. పర్షియా చక్రవర్తి తరఫున బాబిలోన్‌ను ఏలిన అధికారి దగ్గర భారతదేశపు కుక్కలు ఎన్ని ఉండేవంటే, వాటి తిండి కోసం నాలుగు పెద్ద ఊళ్లకు మిగతా పన్నులన్నీ మాఫీ చేశారట. ఈ మాట హెరొడోటస్‌ది.

● నేటి ఇరాక్‌లోని నినెవేలో, అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ భవనపు గోడల మీద క్రీ.పూ. 645 ప్రాంతపు వేట శిల్పాలు ఉండేవి. భారీ కుక్కలను పట్టుకుని నడిచే భటులు, అడవిగాడిదల మీదికి లంఘించే జాగిలాలు వాటిలో కనిపిస్తాయి. అదే భవనంలో అయిదు మట్టి కుక్కబొమ్మలు దొరికాయి. దుష్టశక్తులు లోపలికి రాకుండా పాతిపెట్టినవవి. ఒక్కోదానికీ ఒక పేరు చెక్కి ఉంది. ఒకటి ‘శత్రువును పట్టేది’, ఇంకొకటి ‘ఆలోచించకు, కరిచెయ్!’

● ఫ్రాన్స్‌లో గాస్తోన్ ఫెబుస్ అనే ప్రభువు 1387లో మొదలుపెట్టిన వేట గ్రంథంలో అలాంట్ అనే బలమైన పట్టుకుక్కల ప్రస్తావన ఉంది. వాటిలో ఒక రకం కసాయివాళ్ల దగ్గర పశువులను అదుపులో ఉంచేది.

● గ్రేట్ డేన్ ఇప్పుడు సోఫా మీద నిద్రపోయే సాధుజీవి. దాని పూర్వీకులు మాత్రం జర్మన్ సంస్థానాల్లో అడవిపందిని పట్టేవి. పంది కోరతో ఒక్కసారి విసిరితే కుక్క పొట్ట చీలిపోతుంది. అందుకని రాజులు తమ మేలురకం కుక్కలకు దూది కూరి కుట్టిన మందపాటి కవచాలు తొడిగించేవారు. చెవులు చీరుకుపోకుండా వాటిని ముందే కత్తిరించేవారు. వేటల్లోకి తుపాకులు వచ్చాక ఈ కుక్కల అవసరం తగ్గింది. అవసరం పోయినా చెవుల కత్తిరింపు మాత్రం అందం పేరుతో తరాలపాటు సాగింది. నొప్పి తప్ప కుక్కకు అందులో ఒరిగేదేమీ లేదు. ఇప్పుడు జర్మనీ, బ్రిటన్ సహా చాలా దేశాలు దాన్ని నిషేధించాయి.

● ఈ పట్టు మనుషుల మీదికీ మళ్లింది. 1513లో పనామాలో స్పానిష్ సేనాని బల్బోవా స్థానికుల మీదికి కుక్కలను ఉసిగొల్పి చంపించాడు. అతని కుక్క లియోన్సికోకు దోపిడీ సొమ్ములో సైనికుడితో సమానంగా వాటా దక్కేది. ఈ జాతుల చరిత్ర చెప్పేవాళ్లు ఈ పుటను దాటవేయకూడదు.

● ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దపు వేటమాన్యాల కాపలాదారులకు రాత్రిళ్లు దొంగవేటగాళ్లను చంపకుండా, కరవకుండా కింద పడేసి అదిమి ఉంచే కుక్క కావలసి వచ్చింది. మాస్టిఫ్‌ను, బుల్‌డాగ్‌ను కలిపి పుట్టించిన ఆ బుల్‌మాస్టిఫ్‌ను అక్కడి కెన్నెల్ క్లబ్ 1924లో గుర్తించింది.

● అర్జెంటీనాలోని కోర్డోబాలో అంతోనియో నోరెస్ మార్తీనెస్ 1920లలో డోగో అర్జెంటీనోను తయారు చేయడం మొదలుపెట్టాడు. స్థానిక పోట్లాట కుక్కలు గుంపులో ఒకదాన్నొకటి కొరుక్కునేవి. కలిసి మెలిసి అడవిపందిని, ప్యూమాను పట్టే కుక్క అతనికి కావాలి. పొదల్లో వేటగాడి కంటికి ఆనాలని ఒళ్లంతా తెలుపు ఉండేలా పెంచాడు.

● ఆ డోగో మన వార్తల్లోకీ వచ్చింది. 2024 మార్చిలో కేంద్రం డోగో, కేన్ కోర్సో సహా 23 రకాల కుక్కల అమ్మకం, సంతానోత్పత్తి ఆపించాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. తరువాతి నెలలోనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టివేసింది.