కొండను కదిలించేది నీటి ఒత్తిడి

2024 జూలై 30న తెల్లవారకముందే కేరళలోని వయనాడ్ జిల్లాలో కొండ విరిగింది. పుంచిరిమట్టం, ముండక్కై, చూరల్‌మల గ్రామాల మీదుగా బురద, బండరాళ్లు, చెట్లు కలిసి దూసుకొచ్చాయి. 250 మందికి పైగా చనిపోయారు. కొట్టుకుపోయినవారి మృతదేహాలు పక్క జిల్లా మలప్పురంలో, చాలియార్ నదిలో దొరికాయి.

ఆ వార్తలు చదివినప్పుడు చాలామందికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. కొండ విరిగిన చోటు ఎక్కడో పైన, దాదాపు 1,550 మీటర్ల ఎత్తులో ఉంది. కిలోమీటర్ల దూరంలో ఉన్న చూరల్‌మల ఎందుకు తుడిచిపెట్టుకుపోయింది? హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి, సుమారు 86,000 చదరపు మీటర్ల నేల జారిందనీ, ఆ శిథిలాలు ఏటి వెంట దాదాపు 8 కిలోమీటర్లు ప్రవహించాయనీ తేల్చింది. జారిన నేల ప్రవాహంగా ఎలా మారింది? ఇది తెలుసుకోవడం కేవలం విజ్ఞానం కోసం కాదు. కొండల దగ్గర, వాగుల ఒడ్డున ఉండేవారి ప్రాణాలు దీనిమీద ఆధారపడి ఉన్నాయి.

ముందుగా, వాలులో ఉన్న మట్టి మామూలు రోజుల్లో ఎందుకు జారదో చూద్దాం. 30 డిగ్రీల వాలు మీద 100 కిలోల మట్టి ఉందనుకోండి. భూమ్యాకర్షణ దాన్ని వాలు వెంట 50 కిలోల బలంతో కిందికి లాగుతుంది. అదే సమయంలో ఆ మట్టి తన కింది పొరను దాదాపు 87 కిలోల బలంతో అదుముతుంది. ఆ అదుముడు వల్లే రాపిడి పుడుతుంది. మట్టి రేణువుల మధ్య రాపిడి ఆ అదుముడులో సుమారు 70 శాతం ఉంటుందనుకుంటే, పట్టి ఉంచే బలం 61 కిలోలు. లాగేది 50, ఆపేది 61. కాబట్టి కొండ నిలబడుతుంది. మిగులు 11 కిలోలు మాత్రమే. దీనికి చెట్ల వేళ్ల పట్టు, మట్టి జిగట కొంత తోడవుతాయి.

ఇప్పుడు వాన మొదలైందనుకుందాం. తడిసిన మట్టి బరువెక్కి జారుతుందని మనం సాధారణంగా అనుకుంటాం. అది సగం నిజమే. బరువు పెరిగితే లాగే బలంతోపాటు అదిమే బలం కూడా పెరుగుతుంది. అసలు హాని చేసేది మట్టి రేణువుల సందుల్లో నిండిన నీటి ఒత్తిడి. బావిలో బిందె నీళ్లలో ఉన్నంతసేపు తేలిగ్గా పైకి వస్తుంది. నీటి మట్టం దాటగానే దాని బరువు చేతికి తెలుస్తుంది. కొండ లోపల నీరు నిండినప్పుడు జరిగేదీ ఇలాంటిదే. రేణువుల మధ్య చేరిన నీరు వాటిని ఒకదానినుంచి మరొకదాన్ని ఎడంగా నెడుతుంది. మట్టి బరువులో కొంత భాగాన్ని నీరే మోస్తుంది. పైన చెప్పిన 87 కిలోల అదుముడులో మూడో వంతును నీరు మోస్తే మిగిలేది 58 కిలోలు. అందులో 70 శాతం అంటే 41 కిలోలు. లాగే బలం మాత్రం 50 దగ్గరే ఉంది. ఇక ఆ మట్టి ఆగదు.

ఈ సూత్రాన్ని 1920ల్లో స్పష్టంగా చెప్పినవాడు కార్ల్ టెర్జాగీ అనే ఇంజనీరు. నేడు ఆనకట్టలు, పునాదులు కట్టే ప్రతి ఇంజనీరూ దీన్ని చదువుకుంటాడు.

వయనాడ్‌లో ఆ విపత్తుకు ముందు 48 గంటల్లో 570 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసింది. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. పడమటి కనుమల్లో చాలాచోట్ల పైన మందపాటి మట్టి, దాని కింద గట్టి రాయి ఉంటాయి. ఇంకిన నీరు రాతిని దాటి కిందికి పోలేక ఆ రెండింటి మధ్య చేరుతుంది. సరిగ్గా జారే చోటే ఒత్తిడి పెరుగుతుంది. వాన తెరిపిచ్చాక కూడా పై మట్టిలోని నీరు ఇంకా కిందికి దిగుతూనే ఉంటుంది. అందుకే వాన ఆగిందని వెంటనే ధైర్యపడకూడదు.

ఇక జారిన మట్టి సంగతి. కొన్నిచోట్ల మట్టి కొద్ది దూరం జారి ఆగిపోతుంది. మరికొన్నిచోట్ల నదిలా పరుగెత్తుతుంది. ఈ తేడా తెలుసుకోవడానికి అమెరికా శాస్త్రవేత్తలు ఒరెగాన్‌లో 95 మీటర్ల పొడవైన కాంక్రీటు జారుడు కాలువ కట్టి పరీక్షలు చేశారు. గట్టిగా దట్టించిన మట్టి కదిలినప్పుడు రేణువుల మధ్య సందులు పెద్దవయ్యాయి, నీటి ఒత్తిడి తగ్గింది, మట్టి మెల్లగా, ఆగి ఆగి జారింది. వదులుగా ఉన్న మట్టి కదలగానే కుదించుకుపోయింది. సందుల్లోని నీటికి తప్పించుకునే దారి లేక ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది. సెకను వ్యవధిలో ఆ మట్టి ద్రవంలా మారి పరుగందుకుంది. కేరళలో ఉరుల్‌పొట్టల్ అని పిలిచేది ఇలాంటి ప్రవాహాన్నే.

ఇంత పెద్ద బండలు నీళ్లలో ఎలా కొట్టుకొస్తాయి? నిజానికి అవి వచ్చేది నీళ్లలో కాదు. ఒక ఘనపు మీటరు నీరు ఒక టన్ను బరువు ఉంటే, అంతే పరిమాణంలో ఈ బురద దాదాపు రెండు టన్నులు ఉంటుంది. ఒక ఘనపు మీటరు బండ బరువు సుమారు 2.7 టన్నులు. నీటిలో మునిగితే అది ఇంకా 1.7 టన్నుల బరువు తూగుతుంది. ఈ బురదలో మునిగితే 0.7 టన్నులే. కాబట్టి బండలు తేలిగ్గా కదులుతాయి. పైగా, ఇసుక కలిసిన వేరుశనగ గింజల డబ్బాను కుదిపితే ఇసుక అడుక్కి దిగి గింజలు పైకి వచ్చినట్టు, ప్రవాహంలో పెద్ద రాళ్లు పైకి చేరి, ముందు వరసలోకి వస్తాయి. ఇంటి గోడను మొదట తాకేది ఆ బండల వరసే.

దారిలో ఈ ప్రవాహం ఏటి అడుగున ఉన్న మట్టిని, ఒడ్డున ఉన్న చెట్లను కూడా కలుపుకొని బలుస్తుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తే దాని తాకిడి ప్రతి చదరపు మీటరు మీద దాదాపు 20 టన్నుల బలంతో ఉంటుంది. బండ తగిలితే అది అదనం. ఏ ఇటుక గోడా దీన్ని తట్టుకోలేదు.

కొండచరియలన్నీ ఒకేలా ఉండవు. 2024 ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్లమీద పడి పలువురు చనిపోయారు. అక్కడ ప్రమాదం కొండకు ఆనుకుని ఉన్న ఇళ్లకు. వయనాడ్‌లో ప్రమాదం కొండకు దూరంగా, వాగు పక్కన ఉన్న ఇళ్లకు కూడా వచ్చింది. ఇంటి వెనక కొండ లేదు కదా అని నిశ్చింతగా ఉండలేం. ఇంటి పక్కన ఉన్న వాగు ఏ కొండనుంచి వస్తోందో కూడా తెలిసి ఉండాలి.

కొండ చాలాసార్లు ముందే కొన్ని గుర్తులు చూపుతుంది. నేలలో, గోడల్లో కొత్త బీటలు పడతాయి. చెట్లు, స్తంభాలు ఒరుగుతాయి. ఊట లేనిచోట ఊట పుడుతుంది. తేటగా ఉన్న వాగు హఠాత్తుగా మట్టి రంగుకు మారుతుంది. అన్నిటికంటే మోసకరమైనది, జోరువానలో వాగు ఒక్కసారిగా తగ్గిపోవడం. వరద తీసిందని సంతోషించే సమయం కాదది. పైన ఎక్కడో మట్టి అడ్డం పడి నీరు నిలిచిందని దాని అర్థం కావచ్చు. ఆ అడ్డు తెగితే వచ్చేది మామూలు వరద కాదు. అలాంటప్పుడు వాగు వెంట కిందికి పరుగెత్తకూడదు, ప్రవాహం మనకంటే వేగంగా వస్తుంది. వాగుకు అడ్డంగా, పక్కనున్న ఎత్తైన నేలకు చేరాలి. ఒకసారి వచ్చి ఆగాక సామాన్ల కోసం వెనక్కి వెళ్లకూడదు. వయనాడ్‌లో ఆ రాత్రి కొండ ఒక్కసారితో ఆగలేదు.

మరో మాట. వయనాడ్‌లో జారిన చోటు అంతకుముందు కూడా జారినదేనని ఉపగ్రహ చిత్రాలు చూపాయి. దానికి సమీపంలోని పుత్తుమలలో 2019 ఆగస్టులోనే కొండ విరిగి 17 మంది బలయ్యారు. ఒకసారి జారిన వాలు మళ్లీ జారగలదు. వాలు పాదాన్ని తవ్వి రోడ్డో ఇల్లో వేస్తే పై మట్టికి ఆధారం పోతుంది. నీరు పోయే దారిని మూసేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. చెట్లు నరికితే కొన్నేళ్లలో వేళ్లు కుళ్లి పట్టు వదులుతుంది. ఇవేవీ మన చేతిలో లేని సంగతులు కావు.

వానను మనం ఆపలేం. కానీ ఊరికో వర్షమాపకం పెట్టి, రెండు రోజుల వానను కూడి చూసి, హద్దు దాటగానే చీకటి పడకముందే జనాన్ని తరలించగలం. తరలించిన రాత్రి ఏమీ జరగకపోతే అధికారులను ఎగతాళి చేయకుండా ఉండగలం. పది రాత్రులు ఊరికే బడిలో పడుకున్నా నష్టం లేదు. పదకొండో రాత్రి ఇంట్లో లేకపోవడమే ఆ కుటుంబాన్ని బతికిస్తుంది.