మీకు తెలుసా? తిన్నని జుట్టుకే జిడ్డు తొందర

తలకు నూనె రాయకపోయినా జుట్టు జిడ్డుగా మారేది సీబమ్ వల్ల. మాడులోని చిన్న గ్రంథుల నుంచి వెంట్రుక కుదురు దగ్గర ఊరే కొవ్వు పదార్థమిది. ఉంగరాల జుట్టులో మెలిక మెలికకీ దాని నడక నెమ్మదిస్తుంది. వంకుల్లేని వెంట్రుక మీదైతే అడ్డే ఉండదు, జర్రున కిందికి పాకుతుంది. అందుకే అక్క జుట్టు నాలుగు రోజులైనా పొడిపొడిగా ఉంటే, చెల్లి జుట్టు మర్నాటికే మాడుకు అతుక్కుపోవచ్చు.

రోజూ తలస్నానం చేస్తే జిడ్డు ఇంకా ఊరుతుందని చాలామంది భయపెడతారు. నమ్మనక్కర్లేదు. ఆ గ్రంథుల పగ్గాలు ప్రధానంగా ఆండ్రోజెన్ హార్మోన్ల చేతిలో ఉంటాయి, షాంపూ సీసా చేతిలో కాదు. టీనేజీలో తల, ముఖం జిడ్డోడేదీ ఈ హార్మోన్లు పెరగడం వల్లే. కాబట్టి జిడ్డనిపించినప్పుడు తేలికపాటి షాంపూతో నిశ్చింతగా కడుక్కోవచ్చు. నురగ మాడుకు పట్టాలి, కండిషనర్ కొసలకే రాయాలి. దీన్ని తిరగేసి చేసేవాళ్లే ఎక్కువ!

మన కుంకుడుకాయ, సీకాయల్లో ఉండే సాపోనిన్లదీ షాంపూ పనే. వాటి అణువు ఒకవైపు జిడ్డును, రెండోవైపు నీటిని పట్టుకుంటుంది. నీళ్లు పోయగానే రెండూ కలిసి కొట్టుకుపోతాయి. కుంకుడు రసంతో అయితే కళ్లు గట్టిగా మూసుకోవాల్సిందే.