లారీ ఇంజను, వారంటీ, వినియోగదారుని హక్కు

కృత్తివెన్ను మీదుగా సాగే 216వ నంబరు జాతీయ రహదారి ప్రక్కన తెల్లవారుజామున కొంతసేపు నిలిచి చూచినవారికి ఈ ప్రాంతపు బ్రతుకుతెరువు లారీలపై ఎంతగా ఆధారపడి ఉన్నదో తెలుస్తుంది. ఐసు పేర్చిన పెట్టెలలో రొయ్యలు, గోనెసంచులలో ధాన్యం, చెరువులకు మేత, కొత్త ఇళ్లకు ఇటుక, ఇసుక అన్నీ ఆ దారినే వచ్చిపోతూ ఉంటాయి. ఆ లారీలలో కొన్ని పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలవి. మరికొన్ని ఫైనాన్సు మీద ఒకే ఒక్క లారీ కొని, తామే స్టీరింగు పట్టి నడుపుకొనే సామాన్యులవి. అట్టి సామాన్యుని లారీ ఆగిపోయినచో ఇంటి ఖర్చు, పిల్లల చదువు, నెలనెలా కట్టవలసిన కిస్తీ అన్నీ ఒక్కసారిగా చిక్కులో పడతాయి.

నిరుడు మా విద్యార్థి ఒకడు పరీక్ష రుసుము చెల్లించడానికి గడువు కోరుతూ మా వద్దకు వచ్చినాడు. కారణమేమని అడుగగా, తండ్రి లారీ ఇంజను చెడి నెల రోజులుగా వర్క్‌షాపులో పడి ఉన్నదని చెప్పినాడు. లారీ కొని రెండేళ్లు నిండలేదు. వారంటీ గడువు ఇంకా మిగిలి ఉన్నది. అయినప్పటికీ డీలరు వర్క్‌షాపువారు ఇంజను ఆయిలు పాలు కలిపిన తేనీరువలె తెల్లబడి ఉండుటను చూపి, "మీరు చెరువు గట్ల మీద, నీళ్లలో నడిపినారు. ఇంజనులోకి నీరు పోయినది. ఇది వారంటీ క్రిందకు రాదు" అని నోటిమాటగా చెప్పి పంపివేసినారు. "నేను చదువు మాని క్లీనరుగా పోతాను సార్" అని ఆ అబ్బాయి అన్న మాట మమ్ములను కలవరపరచినది. తెలుగు పాఠాలు చెప్పుకొనే మాకు ఇంజనుల సంగతి అంతవరకు తెలియదు. మెకానిక్కులను, న్యాయవాదులను అడిగి, చట్టాలు తిరగవేసి తెలుసుకొన్న విషయాలను విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

వారంటీ అనగా నేమి?

వారంటీ ఒక వాగ్దానం. దాని ధర వాహనపు ధరలోనే చేరి ఉన్నది. ఇంతకాలం లోపలగాని, ఇన్ని కిలోమీటర్ల లోపలగాని, ఏది ముందు పూర్తయితే అంతవరకు, తయారీలోని లోపం వలనగాని, వాడిన లోహం మొదలైన పదార్థంలోని లోపం వలనగాని ఏ భాగమైనా చెడినచో దానిని ఉచితంగా బాగుచేసెదము లేక మార్చెదము అని తయారీదారు ఇచ్చే మాట అది. ఆ మాట వెంట కొన్ని షరతులు ఉంటాయి. కాలానుసారం సర్వీసు చేయించవలెను, చెప్పిన రకపు ఆయిలే పోయవలెను, పరిమితికి మించి బరువు ఎత్తరాదు, ప్రమాదం వలనగాని, నీట మునుగుట వలనగాని కలిగిన నష్టానికి మేము బాధ్యులము కాము అన్నవి వానిలో ముఖ్యమైనవి. కనుక ఉప్పెన నీటిలో మునిగిన లారీకి వారంటీ అడుగుట వృథా. అది బీమా కంపెనీని అడుగవలసిన విషయం.

అమ్మినవాడు సరుకు మంచిచెడ్డలకు కొంత బాధ్యుడు అన్న భావం కొత్తది కాదు. ప్రాచీన రోములో సంతలను పర్యవేక్షించే అధికారులు పశువుల అమ్మకంలో దాచిన లోపాలకు అమ్మకందారునే బాధ్యుని చేసినారు. వస్తువులో లోపం బయటపడినప్పుడు బేరం రద్దు చేసుకొనే అధికారాన్ని ఇస్లామీయ ధర్మశాస్త్రం 'ఖియారె ఐబ్' అను పేర గుర్తించినది. మన దేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షను, కొన్ని పరిస్థితులలో సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతో, చెప్పిన ప్రయోజనానికి పనికివచ్చేటట్లు ఉండవలెనన్న షరతు ఒప్పందంలో వ్రాయకపోయినా ఉన్నట్లే భావించవలెనని చెబుతున్నది. వారంటీ ఉల్లంఘన జరిగినప్పుడు నష్టపరిహారం కోరే హక్కు అదే చట్టం 59వ సెక్షనులో కలదు.

అసలు ప్రశ్న ఏది?

వారంటీని నిరాకరించేటప్పుడు సాధారణంగా వినవచ్చే కారణాలు నాలుగైదే. సర్వీసు ఆలస్యమైనది, నకిలీ ఆయిలు వాడినారు, అధిక బరువు వేసినారు, బయటి మెకానిక్కు చేయి పెట్టినాడు, నీరు పోయినది అన్నవే అవి. ఇవన్నీ యజమాని నడవడిని గురించిన మాటలు. ఇంజను ఎందుచేత చెడినది అన్నది వేరే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలను కలిపివేయుటలోనే సామాన్యుడు ఓడిపోతున్నాడు. ఆయిలు మార్చుట కొన్ని రోజులు ఆలస్యమైన మాట నిజమే కావచ్చును. కాని ఇంజెక్టరు చెడి, డీజిలు ధారగా కారి, పిస్టను తల కరిగిపోయిన ఇంజనులో ఆ ఆలస్యానికి, ఈ నష్టానికి గల సంబంధమేమో నిరాకరించినవారు చూపవలసి ఉన్నది. అట్లే నెలల తరబడి ఆయిలు మార్చక బేరింగులు కాల్చుకొన్న యజమాని తయారీదారును నిందించుట న్యాయం కాదు. షరతు తప్పినవాని వాదం బలహీనపడుతుందన్నది కూడ మరువరాదు.

కారణం తెలుసుకొనుటకు చెడిన భాగాలే సాక్షులు. ఎయిర్ ఫిల్టరు చినిగి దుమ్ము లోపలికి పోయినచో లైనర్లు, రింగులు అరిగిపోతాయి, టర్బో రెక్కల అంచులు గీకుకొని పోయి ఉంటాయి. ఆయిలు అందక చెడినచో క్రాంక్ షాఫ్టు బేరింగులు కమిలి, గీతలు పడి ఉంటాయి. అప్పుడు ఆయిలు తక్కువగా ఉన్నదా, లేక ఆయిలు పంపే పనిచేయలేదా అన్నది చూడవలెను. మొదటిది యజమాని తప్పు కావచ్చును, రెండవది తయారీ లోపం కావచ్చును.

నీటి విషయం మరింత ఆలోచింపదగినది. బయటి నీరు గాలి దారిన సిలిండరులోకి పోయినచో, నీరు గాలివలె అణగదు కనుక, పైకి వచ్చే పిస్టను దానిని ఢీకొని కనెక్టింగ్ రాడ్డు సాధారణంగా వంగిపోతుంది. ఎయిర్ ఫిల్టరులోను, గాలి గొట్టంలోను తడి, బురద జాడలు కనిపించవలెను. కాని ఆయిలు తెల్లబడుటకు బయటి నీరొక్కటే కారణం కాదు. హెడ్ గాస్కెటు పోయినా, ఆయిల్ కూలరు లోపల చిల్లుపడినా, బ్లాకులోగాని హెడ్డులోగాని పగులు ఉన్నా రేడియేటరులోని కూలెంటు ఆయిలులో కలిసి అదే విధంగా తెల్లబడుతుంది. కూలెంటులో ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం ఉంటుంది. ప్రయోగశాలలో ఆయిలును పరీక్షించి అందులో గ్లైకాల్ ఉన్నదో లేదో చెప్పవచ్చును. రేడియేటరులో కూలెంటుకు బదులు మామూలు నీరు పోసే అలవాటు గలవారు ఈ సాక్ష్యాన్ని తమ చేతులతో తామే పోగొట్టుకొంటున్నారు.

2020 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో అమ్మే కొత్త వాహనాలన్నీ బి.ఎస్. 6 ప్రమాణాలకు లోబడినవి. అట్టి లారీల ఇంజనును నడిపించే కంప్యూటరులో లోపాల సంకేతాలు నమోదవుతాయి. వేడి పెరిగినదా, ఆయిలు పీడనం తగ్గినదా అన్న సంగతి తెలుసుకొనుటకు ఆ నమోదుల నకలు చాల ఉపకరిస్తుంది.

ఏమి చేయవలెను?

మొట్టమొదటి పని, నిరాకరణను కారణంతో సహా వ్రాతపూర్వకంగా అడుగుట. నోటిమాట రేపు మారవచ్చును, కాగితం మీది మాట మారదు. రెండవది, యజమాని సమక్షంలో తప్ప ఇంజను విప్పరాదని, విప్పిన భాగాలను పారవేయరాదని వ్రాసి ఇచ్చి, రసీదు తీసుకొనుట. విప్పేటప్పుడు ఫోటోలు, వీడియోలు తీయవలెను. ఆయిలు నమూనాను శుభ్రమైన సీసాలో ఇరుపక్షాల సంతకాలతో సీలు వేయించవలెను. బేరం కుదరక వేసారి, బయటి షెడ్డులో తొందరపడి బాగుచేయించుకొన్నచో సాక్ష్యం పోయినట్లే. మూడవది, కొనుగోలు బిల్లు, వారంటీ పుస్తకం, ప్రతి సర్వీసుకు ఇచ్చిన జాబ్ కార్డు, ఆయిలు కొన్న రసీదులు, కాటా చీటీలు ఒకచోట చేర్చుట. అధిక బరువు వేసినారన్న ఆరోపణకు కాటా చీటీకి మించిన సమాధానం లేదు. నాలుగవది, డీలరుకు, తయారీదారుకు ఇద్దరికీ స్పీడు పోస్టులో లేఖ వ్రాసి, ఉమ్మడి తనిఖీ కోరి, సమాధానానికి గడువు పెట్టుట. 1915 నంబరుగల జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో కూడ ఫిర్యాదు నమోదు చేయించవచ్చును.

ఈ ప్రయత్నాలు ఫలించనప్పుడు వినియోగదారుల కమిషను ఉన్నది. 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చినది. వస్తువునకు చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించనప్పుడు జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును. ఫిర్యాదుదారు నివసించే చోటనే వేయవచ్చునన్నది కొత్త చట్టం కల్పించిన పెద్ద సౌకర్యం. తయారీదారు కార్యాలయం ఏ దూరనగరంలో ఉన్నా కృత్తివెన్ను నివాసి బందరులోనే న్యాయం అడుగవచ్చును. రుసుము స్వల్పం. ధర 10 లక్షలు దాటి 20 లక్షల లోపు ఉన్నప్పుడు 400 రూపాయలు, 20 లక్షలు దాటి 50 లక్షల లోపు ఉన్నప్పుడు 1000 రూపాయలు. న్యాయవాది లేకుండ స్వయంగా వాదించుకొనవచ్చును. వివాదకారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్ల లోపల ఫిర్యాదు వేయవలెను. ఉత్తరప్రత్యుత్తరాలతో ఈ గడువు దానంతట అది పెరగదు. లోపం పరీక్ష లేనిదే తేలదని తోచినప్పుడు నమూనాను తగిన ప్రయోగశాలకు పంపే అధికారం కమిషనుకు ఉన్నది.

ఇక్కడ ఎదుటిపక్షం తప్పక లేవనెత్తే అభ్యంతరం ఒకటి కలదు. లారీ వ్యాపారానికి కొన్నది కనుక యజమాని 'వినియోగదారు' కాడు అంటారు. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవానిని చట్టం మినహాయించిన మాట నిజమే. కాని స్వయం ఉపాధి ద్వారా కేవలం జీవనోపాధికై కొని వాడుకొనుట వాణిజ్య ప్రయోజనం కాదని చట్టంలోనే వివరణ ఉన్నది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, లారీ కొని దానిని తానే కిరాయికి నడుపుకొనేవాడు వినియోగదారే అని ఉదాహరణగా చెప్పినది. సహాయానికి ఒకరిద్దరిని పెట్టుకొన్నంత మాత్రాన ఆ హక్కు పోదని కూడ వివరించినది. కనుక ఈ లారీయే తనకు జీవనాధారమని, తానే నడుపుకొంటున్నానని ఫిర్యాదులో స్పష్టంగా వ్రాయవలెను. లారీలు అనేకం ఉండి జీతగాళ్లచేత నడిపించేవారు సివిలు కోర్టు మార్గాన్ని కూడ ఆలోచించుకొనవలెను.

కోరికలో మితం పాటించుట మంచిది. మారుతీ ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో 2006లో సుప్రీంకోర్టు, చెడిన భాగాన్ని బాగుచేయుట లేక మార్చుట వరకే వారంటీ మాట ఇచ్చినప్పుడు మొత్తం వాహనాన్ని మార్చి ఇమ్మని ఆదేశించుట తగదని చెప్పినది. ఇంజను మరమ్మతు, ఆగిన రోజులకు రుజువు చూపగల కిరాయి నష్టం, ఖర్చులు అడుగుట సబబు.

మా విద్యార్థి తండ్రి విషయంలో మేము చేసినదల్లా రెండు ఉత్తరాలు వ్రాసిపెట్టుటయే. కారణం వ్రాసి ఇమ్మని అడిగిన తరువాత ఉమ్మడి తనిఖీకి వారు ఒప్పుకొన్నారు. ఇంజను విప్పగా ఎయిర్ ఫిల్టరు పొడిగా ఉన్నది, రాడ్లు వంగలేదు, రేడియేటరులో మట్టం పడిపోయి ఉన్నది. ఆయిలు పరీక్షలో గ్లైకాల్ తేలినది. పగులు ఆయిల్ కూలరులో కనిపించినది. భాగాలు ఉచితంగా వేయుటకు కంపెనీ అంగీకరించినది. ఆగిన రోజుల కిరాయి మాత్రం రాలేదు. ఆ సొమ్ముకై కమిషనుకు పోవలెనా అని ఆయన ఇంకా ఆలోచిస్తున్నాడు. అబ్బాయి పరీక్షలు వ్రాసినాడు.

ఆయన నిజాయితీపరుడు. అయినప్పటికీ మొదటి నెల రోజులు ఆయన నిజాయితీ ఆయనకు ఏమాత్రం ఉపకరించలేదు. ఉపకరించినవి ఒక జాబ్ కార్డుల కట్ట, ఒక సీసా ఆయిలు, రెండు పోస్టు రసీదులు. మన విద్యార్థులలో డ్రైవర్ల, మెకానిక్కుల, చిన్న వర్తకుల బిడ్డలు అనేకులు ఉన్నారు. కళాశాలలో వారానికి ఒక సాయంకాలం ఇట్టివారి కాగితాలు చూచి, ఉత్తరాలు వ్రాసిపెట్టే వినియోగదారుల సంఘాన్ని నడుపుటకు కమిటీ పెద్దలు అనుమతించినచో దాని బాధ్యత వహించుటకు మేము సిద్ధంగా ఉన్నాము.