ఆ గుయ్‌మనే మోత ఎక్కడిది?

పాట ఆపేసినా స్పీకర్లోంచి సన్నగా గుయ్‌మని మోత వస్తూనే ఉంటుంది. ‘కరెంటు బాగాలేదండీ, పవర్ కండిషనర్ పెట్టుకోండి’ అంటాడు దుకాణదారు. కొనేముందు ఆ మోత ఎక్కడ పుడుతోందో చూసుకోవాలి.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటు, సెకనుకు 50 సార్లు ఊగుతుంది. యాంప్లిఫయర్ దాన్ని నేరుగా వాడుకోదు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి తగ్గిస్తుంది, డయోడ్లు ఒకే దిక్కుకు మళ్లిస్తాయి, కెపాసిటర్లు చెరువులా నింపుకుని నిలకడగా వదులుతాయి. అసలు కండిషనర్ అందులోనే ఉంది. అందుకే ఖరీదైన పెట్టె తగిలిస్తే గొంతులు తీయనవుతాయంటే నేను నమ్మను.

టీవీని యాంప్లిఫయర్‌కి కలిపిన ఇళ్లలో ముందు కేబుల్ తీగను అనుమానించండి. దాని పైఅల్లికకు ఎర్త్ ఎక్కడో వీధిలో, మీ యాంప్లిఫయర్‌కు ఎర్త్ ఇంట్లో. రెండు చోట్లా వోల్టేజి ఒక్కలా ఉండదు. ఆ కాస్త తేడాకే ఆడియో తీగ అల్లిక వెంట కరెంటు పారుతుంది. మనకు వినిపించేది అదే. సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ ఊడదీసి వినండి. మోత ఆగిందా, దోషం దొరికినట్టే. ఆడియో తీగ మధ్యలో చిన్న గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెడితే సరిపోతుంది.

ఎర్త్ పిన్ను విరిచి మోత పోగొట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల తీగ ఊడి ఇనపపెట్టెకు తగిలితే కరెంటు పోవలసిన దారి ఎర్తే. అది లేకపోతే ముట్టుకున్న మనిషే దారి అవుతాడు.

స్టెబిలైజర్ సంగతికొస్తే, పరికరం వెనక ‘100–240 వోల్టులు’ అని రాసి ఉంటే లో-వోల్టేజికి దాని అవసరం లేదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత యాంప్లిఫయర్‌కు, సాయంత్రాలు దీపాలు మసకబారే ఊళ్లో మాత్రం పనికొస్తుంది.

నేనైతే మొదటి ఖర్చు రక్షణ మీదే పెడతాను. మంచి స్పైక్ బస్టర్లో జింక్ ఆక్సైడ్ బిళ్ల ఉంటుంది. క్షణకాలపు పోటును అది మింగుతుంది, మింగిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. దాని రక్షణ దీపం ఆరిపోతే మార్చేయాలి. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే కథ వేరు: ఇంట్లో వోల్టేజి 400 దాకా ఎగబాకవచ్చు, అదీ క్షణం కాదు, నిమిషాలు. బిళ్ల తట్టుకోలేదు. దానికి హై-వోల్టేజిలో సరఫరా తెంచే కటాఫ్ ఉండాలి.

పిడుగుకు మాత్రం ఇవేవీ చాలవు. ఉరుములు మొదలవకముందే ప్లగ్గు పీకేయండి, దాంతోపాటు కేబుల్ తీగ కూడా.