మీకు తెలుసా? పికాసోకి సగం మంచం ఇచ్చిన కవి

ఫ్రెంచి ఆధునిక కవి, చిత్రకారుడు మాక్స్ జాకోబ్ (1876–1944) పారిస్‌లో కొన్నాళ్లు పికాసోతో ఒకే గదిలో ఉన్నాడు. ఆ గదిలో ఉన్నది ఒక్కటే మంచం! జాకోబ్ పగలు దుకాణంలో పనికి వెళ్లి, రాత్రి దానిమీద పడుకునేవాడు. పికాసో రాత్రంతా బొమ్మలు వేసి, పగలు నిద్రపోయేవాడు. అప్పటికి ఇద్దరి జేబులూ ఖాళీయే.

జాకోబ్ బ్రిటనీలోని కెంపేర్‌లో యూదు కుటుంబంలో పుట్టాడు. 1909లో తన గది గోడమీద క్రీస్తు కనిపించాడని చెప్పాడు. చతురోక్తులకు పేరుపడ్డ మనిషి కదా, ఇదీ వేళాకోళమే అనుకున్నవాళ్లున్నారు. ఆయన మాత్రం పట్టు వదల్లేదు. 1915లో కాథలిక్ బాప్తిస్మం పుచ్చుకున్నాడు. జ్ఞానతండ్రిగా నిలబడింది ఎవరో కాదు, దేవుణ్ణి నమ్మని పికాసో!

1917లో వచ్చిన 'పాచికల డబ్బా' ఫ్రెంచి వచన కవితకు కొత్త దారి చూపింది. కానీ కవిత్వం కూడు పెట్టలేదు. నీటిరంగుల్లాంటి గ్వాష్ బొమ్మలు అమ్ముకుని బతికాడు. తర్వాత లువార్ నది ఒడ్డున సెయింట్ బెన్వా మఠం పక్కనే ఏళ్ల తరబడి ఉన్నాడు.

మతం మారినా, ఫ్రాన్స్‌ను ఆక్రమించిన నాజీల లెక్కలో ఆయన యూదుడే. 1944 ఫిబ్రవరి 24న నాజీ రహస్య పోలీసు దళం గెస్టపో అరెస్టు చేసింది. ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపేలోపే, మార్చి 5న ద్రాన్సీ నిర్బంధ శిబిరంలో న్యుమోనియాతో చనిపోయాడు. 1949లో అవశేషాలను ఆయన కోరిక ప్రకారం సెయింట్ బెన్వాకు తరలించారు.