శలభపుష్పము: బళ్ళారి యెండలలో కుండీ మార్చుట

బళ్ళారి సీమ రేగడినేలకును ఎండలకును ప్రసిద్ధము. ఏప్రిల్, మే మాసములలో ఉష్ణమానము 40 డిగ్రీలను దాటుట యిచ్చట వింత కాదు. ఇట్టి చోటికి నేడు ఫెలనాప్సిస్ అను ఆర్కిడ్ కానుకగా వచ్చి చేరుచున్నది. గ్రీకుమాటల ననుసరించి, శలభమువలె కనబడునది యని యీ పేరునకు అర్థము. 1825లో బ్లూమ్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పెట్టెను. పూలు రాలగనే దీనిని రేగడిమట్టిలో నాటుట మనవారు చేయు పొరపాటు. ప్రేమతో చేసినదే యైనను మొక్కకది ప్రాణాంతకము.

ఇది చెట్టుకొమ్మల నంటి బ్రతుకు మొక్క. తెలుగునాట దీనికి చుట్టము కలదు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బరో, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథమున 1795లో వర్ణించిన వాండా టెస్సెల్లాటా యదియే. ఇట్టివానిని తెలుగువారు బదనిక లందురు. కన్నడిగులు బదనికె యందురు. మాట యొకటే, భ్రాంతియు నొకటే. చెట్టు రసమును పీల్చు మొక్కకును, చెట్టుపై ఊరక కూర్చుండు మొక్కకును ఒకే పేరు చెల్లుచున్నది. ఆర్కిడ్ రెండవ తెగది. దాని వేళ్ళపైనున్న తెల్లని మెత్తటి పొర నీటిని త్వరగా పీల్చును. పిదప గాలికి ఆరవలెను. రేగడిమట్టి తడిసినచో గాలిని చొరనీయదు. ఎండినచో నెర్రెలు విచ్చి వేళ్ళను త్రెంచును.

కుండీ ఎప్పుడు మార్చవలెను? పంచాంగము కంటె వేళ్ళే నమ్మదగిన సాక్షులు. కుండీలోని బెరడుముక్కలు సాధారణముగా రెండేండ్లలో చివికి నీటిని పట్టి నిలుపును. ముక్క వ్రేళ్ళ నడుమ నలిగినను, వేళ్ళు గోధుమవన్నె పొంది బోలు గొట్టములైనను జాగు చేయరాదు. పూలు రాలిన పిదప, క్రొత్తవేరు పచ్చని మొన చూపు దినములు ఉత్తమము. ఫిబ్రవరిలో నట్లు కనబడినచో వెంటనే మార్చవచ్చును. మార్చి గడచినచో తొలకరివరకు ఓపిక పట్టుట మేలు. వేళ్ళు కుళ్ళుచున్నచో మాత్రము నడివేసవియైనను ఆగరాదు.

వేళ్ళను కొంతసేపు నీట నాననిచ్చిన విరుగవు. నిప్పున కాచి చల్లార్చిన కత్తితో కుళ్ళిన వేళ్ళను మాత్రమే కోయవలెను. గట్టి వేరు ఎంత పొడవైనను ముట్టరాదు. వేళ్ళ గుత్తికి సరిపడు, రంధ్రములు గల కుండీ చాలును. పెద్ద కుండీలో పెద్ద మొక్క పెరుగునను నమ్మకము తులసికి చెల్లునేమో గాని దీనికి చెల్లదు. పైన్ బెరడు దొరకనిచో బొగ్గు, ఇటుకముక్కలు, కొబ్బరిపీచు తుండ్లు వాడవచ్చును. పీచును నీరు మార్చుచు రెండు మూడు దినములు నానవేయవలెను. దానిలోని ఉప్పు వేళ్ళకు చేటు. ఉప్పదనము గల బోరునీటికంటె పట్టిన వాననీరు శ్రేష్ఠము. ఆకుల మొదలు పైకుండునట్లు మొక్కను నిలిపి, కదలకుండ పుల్లకు కట్టవలెను.

కోతలు ఆరుటకై రెండు మూడు దినములు నీరు పోయరాదు. నెల దినములు ఎరువు వలదు. పడమటి యెండ తగులని వసారాలో నుంచవలెను. ఆకుల నడిమి గుంటలో నీరు నిలిచినచో గుడ్డతో నద్ది తీయవలెను. అచ్చట కుళ్ళు పుట్టిన మొక్క దక్కుట అరుదు. దిగువ ఆకు ఒకటి పండి రాలినను వెరువ నక్కరలేదు. క్రొత్తవేరు బొగ్గుముక్కను పట్టుకొన్ననాడు మొక్క కుదురుకొన్నదని తెలియవలెను.